లైనక్స్‌లో వీడియో స్ట్రక్ అవుతోందా? పని గ్రాఫిక్స్‌కి అప్పజెప్పండి

"ఏవండీ, సినిమాలన్నీ బాగానే వస్తున్నాయండీ, మా అమ్మాయి పెళ్ళి డ్రోన్ వీడియో మాత్రం స్ట్రక్ అవుతోందండీ."

మాఘమాసం ముహూర్తాలు అయిపోయిన పది రోజులకి పాలకొల్లులో మా షాపుకి ఈ ఫోన్లు మొదలవుతాయి. ఆకివీడు, ఉండి వైపు నుంచి వచ్చేది ఇంకో రకం: రొయ్యల చెరువు దగ్గర పెట్టిన సీసీ కెమెరా రికార్డింగు పెన్‌డ్రైవ్‌లో తెస్తారు, బొమ్మ గెంతులేస్తుంది. మూడో రకం సంక్రాంతికి అమెరికా నుంచి దిగిన బంధువులు ఐఫోన్‌లో తీసి ఇచ్చిపోయిన కోడిపందేలు. మాట ముందుకి పోతుంది, పుంజు గాల్లోనే ఉండిపోతుంది. మూడింటికీ జబ్బు ఒకటే. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నా.

లైనక్స్ మింట్ పట్టుకుని రాస్తాను, మా దగ్గర ఎక్కువగా వేసేది అదే. ఉబుంటు, డెబియన్ వాళ్ళకి ప్యాకేజీ పేర్లు అవే. ఫెడోరా వాళ్ళకి ఒక మెలిక ఉంది, చివర్లో చెబుతా. కమాండ్లు ఫోన్‌లో చెప్పే పద్ధతిలోనే, పలికినట్టు రాస్తున్నా. మీరు టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే, పెద్దవి కావాలంటే నేనే చెబుతా.

సిద్ధాంతం ఒక్క ముక్క. 4కే వీడియోలో ఒక్కో ఫ్రేములో దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి, సెకనుకి 30 ఫ్రేములంటే పాతిక కోట్ల చుక్కలు. ఫైలులో ఇవన్నీ కుదించి ఉంటాయి, వీటిని విప్పడానికే గ్రాఫిక్స్ చిప్పులో విడిగా ఒక భాగం ఉంటుంది. డ్రైవర్ (ఆ చిప్పుని పనిచేయించే సాఫ్ట్‌వేర్) లేకపోతే ఆ భాగం ఖాళీగా కూర్చుంటుంది, ప్రాసెసర్ ఒక్కటే చాకిరీ చేస్తుంది. చేలో వరికోత మిషన్ నిలబెట్టుకుని కొడవళ్ళతో కోయించినట్టు. ఇందులో మోసం ఏమిటంటే, పని ప్రాసెసర్ మీద పడినా లైనక్స్ మీకు ఒక్క మాట కూడా చెప్పదు. సెట్టింగులో టిక్కు ఉంటుంది, వీడియో ఆడుతుంది, మీరు అంతా బాగానే ఉందనుకుంటారు. అందుకే కింద చేసే పని కన్నా సరిచూసే పని ఎక్కువగా కనిపిస్తుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఇబ్బంది పెడుతున్న వీడియో ఫైలు ఒకటి, రెండు మూడు నిమిషాలది చాలు. పెన్‌డ్రైవ్‌లో ఉంచి ఆడించకండి, కంప్యూటర్ డిస్కులోకి కాపీ చేసుకోండి. సెకనుకి 100 మెగాబిట్ల కెమెరా ఫైలంటే సెకనుకి 12.5 మెగాబైట్లు చదవాలి. చవక పెన్‌డ్రైవ్ అక్కడే చతికిలబడుతుంది, మీరు డ్రైవర్‌ని తిట్టుకుంటారు.
- ఇంటర్నెట్టు, సిస్టమ్ పాస్‌వర్డు.
- టైమ్‌షిఫ్ట్‌లో తీసిన ఒక స్నాప్‌షాట్, అంటే ఏదైనా చెడితే సిస్టమ్‌ని వెనక్కి తిప్పుకునే కాపీ. మింట్‌లో ముందే ఉంటుంది. డ్రైవర్ల జోలికి పోయేముందు ఇది తీయనివాళ్ళ ఫోన్ నేను ఎత్తను.
- ఒక బ్రష్షు. నవ్వకండి. ఫ్యాను నిండా దుమ్ము పట్టి వేడెక్కిన ప్రాసెసర్ దానంతటదే వేగం తగ్గించుకుంటుంది. సముద్రపు గాలి తగిలే నరసాపురం, అంతర్వేది వైపు నుంచి వచ్చే మిషన్లలో దుమ్ము తడికి ముద్దకట్టి ఉంటుంది, ఊదితే పోదు.

1. మీ మిషన్ ఏ తరానిదో చూడండి

మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. ఇంటెల్ ఐ3, ఐ5, ఐ7 అయితే హైఫన్ తర్వాత అంకె చూడాలి. ఐ5-4570 అంటే నాలుగో తరం, ఐ5-7500 అంటే ఏడో తరం, ఐ5-10400 అంటే పదో తరం. పెంటియమ్, సెలెరాన్‌లకి ఈ లెక్క పనిచేయదు, వాటికి నేరుగా 4వ మెట్టులోని పరీక్షే దిక్కు.

హెచ్.264, హెచ్.265, వీపీ9, ఏవీ1 అనేవి వీడియోని కుదించే పద్ధతుల పేర్లు, వీటినే కోడెక్‌లంటారు. ఏ తరం ఏం విప్పగలదో ఇదీ లెక్క:

- 2 నుంచి 4వ తరం: హెచ్.264 వరకే. హెచ్.265 అసలు రాదు.
- 5వ తరం: హెచ్.264 ఖాయం. మిగతావాటికి దీన్ని నమ్ముకోవద్దు.
- 6వ తరం: హెచ్.265 వస్తుంది, కానీ 8 బిట్‌ది మాత్రమే (10 బిట్‌దంటే రంగుల ఛాయలు ఇంకా ఎక్కువ).
- 7వ తరం నుంచి: 10 బిట్ హెచ్.265, యూట్యూబ్ వాడే వీపీ9 కూడా.
- 11వ తరం నుంచి: ఏవీ1.

మీ సమస్య సగం ఇక్కడే తేలిపోతుంది. ఆఫీసుల నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన నాలుగో తరం డెస్క్‌టాప్‌లు మన జిల్లాల్లో ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. వాటిలో హెచ్.265 వీడియోకి ఏ డ్రైవర్ వేసినా లాభం లేదు. మీ మిషన్ అదే, వీడియో హెచ్.265దే అని 2వ మెట్టులో తేలితే నేరుగా 8వ మెట్టుకి పోండి.

2. ఫైలు ఏ రకమో చూడండి

సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో మీడియాఇన్ఫో (ఫైలు వివరాలు చూపించే ప్రోగ్రాం) వెతికి వేసుకోండి. ఫైలుని దాని మీదకి లాగి వదలండి. మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: ఫార్మాట్ ఏవీసీనా, హెచ్ఈవీసీనా, బిట్ డెప్త్ 8ఆ, 10ఆ, క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగుల సమాచారం ఎంత ఉంచారో చెప్పేది) 4:2:0నా, 4:2:2నా. ఏవీసీ అంటే హెచ్.264, హెచ్ఈవీసీ అంటే హెచ్.265. ఒకే సరుక్కి రెండు పేర్లు, కంగారుపడకండి.

ఐఫోన్లు 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి హెచ్.265లో తీస్తున్నాయి. హెచ్‌డీఆర్ ఆన్‌లో ఉంటే అది 10 బిట్‌ది. ఆరో తరం వాళ్ళకి సీసీ కెమెరా వీడియో బాగా ఆడి, బావగారి ఐఫోన్ వీడియో మాత్రం ఇరుక్కోవడానికి కారణం ఇదే.

3. డ్రైవర్ వేయండి

మెనూలో సినాప్టిక్ (ప్యాకేజీలు వేసే ప్రోగ్రాం) తెరిచి, సెర్చ్‌లో వీఏ హైఫన్ డ్రైవర్ అని కొట్టండి. కనిపించే వరసలో మీకు కావలసింది ఇలా ఎంచుకోండి.

- ఇంటెల్ 4వ తరం, అంతకన్నా పాతవి: ఐ965-వీఏ-డ్రైవర్.
- ఇంటెల్ 5వ తరం, అంతకన్నా కొత్తవి: ఇంటెల్-మీడియా-వీఏ-డ్రైవర్.
- ఏఎమ్‌డీ ఏదైనా: మెసా-వీఏ-డ్రైవర్స్. చాలావరకు ముందే పడి ఉంటుంది.

ఇంటెల్ డ్రైవర్ పక్కనే చివర నాన్-ఫ్రీ అని ఇంకోటి కనిపిస్తుంది. దాని కోసం తాపత్రయపడేవాళ్ళు ఎక్కువ. వీడియో తయారుచేసే వాళ్ళకి అది ఉపయోగమేగానీ, చూడటానికైతే మామూలుది చాలు.

ఇదే సినాప్టిక్‌లో ఇంకో మూడు వెతికి టిక్కు పెట్టండి: వీఏఇన్ఫో (డ్రైవర్ ఏం విప్పగలదో చెబుతుంది), ఎంపీవీ (వీడియో ప్లేయర్), ఇంటెల్-జీపీయూ-టూల్స్ (గ్రాఫిక్స్ ఎంత పని చేస్తోందో చూపిస్తుంది). ఏఎమ్‌డీ, ఎన్‌విడియా వాళ్ళు చివరిదాని బదులు ఎన్‌వీటాప్ వేసుకోండి. అప్లై నొక్కి, అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఎన్‌విడియా కార్డు ఉన్నవాళ్ళు ఈ వరస వదిలేసి మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిచి, రికమెండెడ్ అని రాసి ఉన్నదాన్ని ఎంచుకోండి. సెక్యూర్ బూట్ (తెలియని డ్రైవర్లని ఆపే కాపలా) ఆన్‌లో ఉంటే పాస్‌వర్డు ఒకటి పెట్టమంటుంది, రీస్టార్ట్ అయ్యేటప్పుడు నీలం తెర వచ్చి అదే అడుగుతుంది. ఆ తెరని చూసి భయపడి ఎంటర్ కొట్టేసి దాటేసినవాళ్ళకి డ్రైవర్ ఎక్కదు. కొనేముందు ఒక మాట: జీటీ 710 కార్డు హెచ్.265 విప్పదు. జీటీ 1030 విప్పుతుంది, 10 బిట్‌ది కూడా.

హెచ్చరిక: ఎక్కడో పదేళ్ళ కిందటి పేజీ చూసి బయటి రిపాజిటరీలు (ప్యాకేజీలు దొరికే గోడౌన్లు) కలపకండి. పైన చెప్పినవన్నీ మింట్‌లోనే దొరుకుతాయి.

4. డ్రైవర్ ఎక్కిందా?

టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరిచి వి, ఎ, ఐ, ఎన్, ఎఫ్, ఓ అని ఆరు అక్షరాలు మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే మాట) అక్కర్లేదు. సుడో పెడితే పనిచేసి, పెట్టకపోతే పనిచేయట్లేదంటే డ్రైవర్ది కాదు తప్పు, మీ యూజర్‌కి అనుమతి లేదు. యూజర్‌ని రెండర్ అనే గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్ళీ రండి.

అన్నీ బాగుంటే పొడుగాటి జాబితా వస్తుంది. ప్రతి వరసలో ఎడమ పక్క కోడెక్ పేరు, కుడి పక్క అది చేసే పని. కుడి పక్క పదం చివర వీఎల్‌డీ అని ఉంటేనే ఆ రకం వీడియోని విప్పగలదని అర్థం. ఎన్‌క్‌స్లైస్ అని ఉన్నవి తయారుచేసేవి, మనకి సంబంధం లేదు. 2వ మెట్టులో కాగితం మీద రాసుకున్నది ఇక్కడ వీఎల్‌డీతో ఉందా చూడండి. 8 బిట్ హెచ్.265కి హెచ్ఈవీసీ మెయిన్ అనే వరస, 10 బిట్‌కి హెచ్ఈవీసీ మెయిన్10 అనే వరస కావాలి.

ఎన్‌విడియా సొంత డ్రైవర్ వేసినవాళ్ళకి ఈ పరీక్షలో ఏమీ రాకపోవచ్చు. వాళ్ళ దారి వేరు, కంగారుపడకుండా 5వ మెట్టుకి రండి.

5. అసలు పరీక్ష

దీన్ని తొందరపడకుండా చేయండి. షాపులో కూడా నేను నమ్మేది దీన్నొక్కదాన్నే.

సిస్టమ్ మానిటర్ తెరిచి, ప్రాసెసర్ గీతలు కనిపించేలా తెరకి ఒక పక్కన పెట్టుకోండి. ఎంపీవీలో మీ ఫైలు తెరవండి. ఎంపీవీ మామూలుగా గ్రాఫిక్స్ సాయం తీసుకోదు, కాబట్టి ముందు గీతలు లేస్తాయి. పది సెకన్లు చూసి కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ అందుకుంటే గీతలు అక్కడికక్కడే కిందకి దిగుతాయి. మళ్ళీ నొక్కితే మళ్ళీ లేస్తాయి.

మొన్న ఒక మేత వ్యాపారి ఏడో తరం మిషన్ తెచ్చారు. చెరువు గట్టు మీద రాత్రి తీసిన రికార్డింగు అది. నాలుగు గీతలూ పైకప్పుకి అంటుకుని ఉన్నాయి, లోపల ఫ్యాను ఈలేస్తోంది. డ్రైవర్ వేసి, ఆయన చేతే కంట్రోల్, హెచ్ నొక్కించా. గీతలు పడిపోయాయి, కాసేపటికి ఈల కూడా ఆగింది. ఆయన నమ్మక ఇంకో నాలుగుసార్లు నొక్కి చూసుకున్నారు. "ఆయ్, ఇంతేనాండీ? రామ్ మార్చాలన్నారండీ!" అన్నారు. అంతకుముందు వేరేచోట చూపిస్తే రామ్ రెట్టింపు చేయమన్నారట. వీడియో విప్పడానికీ ఆ రామ్‌కీ ఏమీ సంబంధం లేదు.

ఇప్పుడు ఎంపీవీలోనే ఐ అక్షరం నొక్కండి. తెర మీద కొన్ని వరసలు వస్తాయి. వీడియో కింద హెచ్‌డబ్ల్యూ అని, దాని పక్కన వీఏఏపీఐ అని ఉంటే పని గ్రాఫిక్స్ చేస్తోంది. ఎన్‌విడియా వాళ్ళకి అక్కడ ఎన్‌వీడెక్ అని వస్తుంది. హెచ్‌డబ్ల్యూ అన్న మాటే లేకపోతే ప్రాసెసర్ చేస్తోందన్నమాట. డ్రాప్డ్ ఫ్రేమ్స్ అంకె కూడా చూడండి. మొదట్లో రెండు మూడు పోతే పట్టించుకోనక్కర్లేదు, చూస్తుండగా పెరుగుతూ పోతే ఇంకా ఏదో ఉంది.

ఇంకా అనుమానమా? టెర్మినల్‌లో సుడో, ఒక ఖాళీ, ఇంటెల్ అండర్‌స్కోర్ జీపీయూ అండర్‌స్కోర్ టాప్ అని కొట్టండి. వీడియో అనే గీత కదులుతుంటే పని అక్కడే జరుగుతోంది. రెండర్ గీత ఒక్కటే కదిలి, వీడియో గీత సున్నా దగ్గరే ఉంటే, గ్రాఫిక్స్ బొమ్మని తెర మీద పరుస్తోందంతే, విప్పేది ప్రాసెసరే. ఈ రెండిటికీ తేడా తెలియక "గ్రాఫిక్స్ వాడుతోంది కదండీ" అని వాదించేవాళ్ళు వారానికొకరు వస్తారు.

6. ఎప్పటికీ ఉండేలా పెట్టుకోండి

కంట్రోల్, హెచ్ ఆ పూటకే. ఎప్పటికీ కావాలంటే హోమ్ ఫోల్డరు తెరవండి. అక్కడ కూడా కంట్రోల్, హెచ్ నొక్కాలి, ఫైల్ మేనేజర్‌లో దాచిన ఫోల్డర్లు చూపించేది అదే మీట. డాట్ కాన్ఫిగ్ లోపల ఎంపీవీ ఫోల్డరులో, లేకపోతే మీరే చేసుకుని, ఎంపీవీ డాట్ కాన్ఫ్ అనే ఫైలు పెట్టి అందులో ఒక్క వరస రాయండి: హెచ్, డబ్ల్యూ, డి, ఇ, సి, ఈక్వల్ గుర్తు, ఆటో, హైఫన్, సేఫ్. మధ్యలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు.

మింట్‌తో వచ్చే సెల్యులాయిడ్ లోపల ఉన్నది కూడా ఎంపీవీయే. మింట్ 20.1 నుంచి అందులో ఈ సెట్టింగు ముందే ఆన్ చేసి ఇస్తున్నారు. పోయి ఉంటే ప్రిఫరెన్సెస్‌లో మిసిలేనియస్ కింద ఎక్స్‌ట్రా ఎంపీవీ ఆప్షన్స్ గడిలో అదే వరస, ముందు రెండు హైఫన్లు చేర్చి రాయండి.

వీఎల్‌సీ మానలేనివాళ్ళు ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్, కోడెక్స్ కింద హార్డ్‌వేర్ డీకోడింగ్‌ని ఆటోమేటిక్‌లో పెట్టి, 5వ మెట్టులోని గీతల పరీక్ష మళ్ళీ చేయండి. ఆటోమేటిక్ అని రాసి ఉన్నా ప్రాసెసర్‌తోనే లాగించడం నేను వీఎల్‌సీలో చాలాసార్లు చూశా. నాకైతే ఎంపీవీయే నయం.

7. ఫైర్‌ఫాక్స్, యూట్యూబ్

2023లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 115 నుంచి లైనక్స్‌లో ఇంటెల్ వాళ్ళకి ఇది దానంతటదే ఆన్‌లో ఉంటుంది. అయినా సరిచూడండి. అడ్రసు గడిలో ఎబౌట్, కోలన్, సపోర్ట్ అని కొట్టి, కిందకి మీడియా భాగానికి రండి. కోడెక్‌ల పట్టికలో హార్డ్‌వేర్ డీకోడింగ్ నిలువు వరసలో సపోర్టెడ్ అని ఉందా చూడండి. పైన గ్రాఫిక్స్ భాగంలో కంపోజిటింగ్ దగ్గర వెబ్‌రెండర్ పక్కన సాఫ్ట్‌వేర్ అని ఉంటే, ఈ పని తర్వాత, ముందు మీ గ్రాఫిక్స్ డ్రైవరే సరిగా లేదు.

పాత మిషన్లో యూట్యూబ్ ఇరుక్కుంటోందంటే కారణం వేరే ఉంటుంది. వీడియో మీద రైట్ క్లిక్ కొట్టి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. కోడెక్స్ దగ్గర వీపీ09 అనో, ఏవీ01 అనో ఉంటే, మీ నాలుగో తరం చిప్పుకి అర్థంకాని భాషలో యూట్యూబ్ పంపుతోంది. ఎన్‌హాన్స్‌డ్ హెచ్264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే హెచ్.264లో అడిగి తెప్పిస్తుంది. 1080కి మించి రాదు. ఆ మిషన్లకి ఉండే మానిటర్‌కి అది చాలు.

ఫ్లాట్‌పాక్‌లో (అన్నీ తనతోనే మూటగట్టుకొచ్చే ప్యాకేజీ పద్ధతి) వేసిన ప్లేయర్లు, బ్రౌజర్లు బయట మీరు వేసిన డ్రైవర్‌ని చూడవు, వాటికి వాటి సొంత సరంజామా ఉంటుంది. "అన్నీ చేశానండీ, అయినా రావట్లేదు" అన్నవాళ్ళని నేను మొదట అడిగే ప్రశ్న ఇదే. మామూలు ప్యాకేజీ వేసి చూడండి.

8. మిషన్‌కి చేతకాకపోతే

సీసీ కెమెరా అయితే చాలా తేలిక. డీవీఆర్ సెట్టింగుల్లో ఎన్‌కోడింగ్‌ని హెచ్.265 నుంచి హెచ్.264కి మార్చండి. డిస్కు తొందరగా నిండుతుంది, రోజులు తక్కువ నిలవ ఉంటాయి, ఆ లెక్క చూసుకుని మార్చండి. లైవ్ చూడటానికే అయితే మెయిన్ స్ట్రీమ్ బదులు సబ్ స్ట్రీమ్ (అదే బొమ్మ, చిన్న సైజులో) పెట్టుకోండి, చెరువులో ఏరేటర్ తిరుగుతోందో లేదో తెలియడానికి అది సరిపోతుంది.

పెళ్ళి వీడియో అయితే హ్యాండ్‌బ్రేక్ (వీడియోని వేరే రకంలోకి మార్చే ప్రోగ్రాం) వేసుకుని, ఫాస్ట్ 1080పీ30 ప్రీసెట్‌తో మార్చండి. రాత్రి పెట్టి పడుకోవడమే. మధ్యలో కరెంటు పోతే సగం ఫైలు పనికిరాదు, కాబట్టి ఇన్వర్టర్ ఉన్న గదిలో పెట్టండి. ఒరిజినల్ మాత్రం చెరపకండి. ఒకసారి మార్చిన ఫైలు ఆడించి చూడకుండా మా సొంత ఇంటి శుభకార్యం ఒరిజినల్‌ని నేనే చెరిపేశా. తలంబ్రాల దగ్గర నుంచి మాట లేదు. మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందు ఆ సంగతి ఎత్తుతుంది.

వీడియోగ్రాఫర్లకి విడిగా: మీ కెమెరా 10 బిట్ 4:2:2లో తీస్తే మామూలు మిషన్లలో గ్రాఫిక్స్ దాన్ని అందుకోదు. హెచ్.264లో 10 బిట్ అయితే కొత్త కార్డుల్లో కూడా చాలావాటికి రాదు. డ్రైవర్‌తో కుస్తీ పట్టకుండా ఎడిటింగ్‌కి ప్రాక్సీలు (తేలికపాటి నకలు ఫైళ్ళు) చేసుకోండి.

ఇంకా రాకపోతే, ఎక్కువగా జరిగే తప్పులు

ఇంటెల్ డ్రైవర్లు రెండూ వేసేశారు, తప్పుది ఎక్కింది. వీఏఇన్ఫో పైవరసల్లో ఏది తెరుచుకుందో రాసి ఉంటుంది. 5 నుంచి 9 తరాల మధ్య వాళ్ళకి ఒకటి మొండికేస్తే రెండోది పనిచేయవచ్చు. ఈటీసీ ఫోల్డరులోని ఎన్విరాన్‌మెంట్ ఫైలులో లిబ్‌వీఏ అండర్‌స్కోర్ డ్రైవర్ అండర్‌స్కోర్ నేమ్ అని అన్నీ పెద్ద అక్షరాల్లో రాసి, ఈక్వల్ గుర్తు తర్వాత ఐ965 అనో, ఐహెచ్‌డీ (ఇంటెల్-మీడియా డ్రైవర్‌కి ఇక్కడ వాడే పేరు) అనో పెట్టండి. రెండో పేరులో ఐ చిన్నది, హెచ్, డి పెద్దవి. ఇది తప్పు రాస్తే అసలుకే ఎసరు, కాబట్టి పాత ఫైలు ఒక కాపీ ఉంచుకోండి.

కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టి, మానిటర్ కేబుల్ మాత్రం పాత మదర్‌బోర్డు సాకెట్‌కే గుచ్చి ఉంచారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఈ ఏడాదిలోనే ముగ్గురు.

విండోస్ లోపల వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్ నడిపే ప్రోగ్రాం) లైనక్స్ పెట్టి ఇవన్నీ చేశారు. అందులో రాదు. వదిలేయండి.

ఫెడోరా వాళ్ళ మెలిక: 2022లో పేటెంట్ల భయంతో ఫెడోరా తన మెసాలోంచి (గ్రాఫిక్స్ డ్రైవర్ల మూట) హెచ్.264, హెచ్.265 విప్పే భాగం తీసేసింది. ఏఎమ్‌డీ వాళ్ళకి దెబ్బ అక్కడే. ఆర్‌పీఎం ఫ్యూజన్ రిపాజిటరీ కలుపుకుని, మెసా-వీఏ-డ్రైవర్స్-ఫ్రీవరల్డ్ అనే ప్యాకేజీని మామూలుదాని బదులు వేసుకోవాలి. ఇంటెల్ వాళ్ళకి కూడా కావలసిన డ్రైవర్ ఆర్‌పీఎం ఫ్యూజన్‌లోనే దొరుకుతుంది.

పరీక్షకి వాడిన ఆ రెండు నిమిషాల ఫైలు పారేయకండి. పెద్ద అప్‌డేట్ ఏది వచ్చినా, అది అయిపోగానే ఎంపీవీలో పెట్టి ఐ నొక్కండి. హెచ్‌డబ్ల్యూ వరస కనిపించకపోతే 3వ మెట్టు నుంచి మళ్ళీ రండి. అప్పటికీ రాకపోతే వీఏఇన్ఫో చూపించిన తెరని ఫోటో తీసి పంపండి. ఉత్తినే "స్ట్రక్ అవుతోందండీ" అంటే నేను దూరం నుంచి ఏం చెప్పగలను?